వంత చెప్పిన అర్థం: గుంటూరు సీమలో పాటలూ వాటి వ్యాఖ్యానాలూ

గుంటూరు సీమ కథాగానంలో పాటకు అర్థం చెప్పడం ప్రదర్శనలోనే ఒక భాగం. కథకుడు ఒక చరణం పాడి ఆగుతాడు. వంత పాడేవాడు అందుకుని ప్రశ్న వేస్తాడు, సందేహం తెస్తాడు, లేదా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ముందుకు తెస్తాడు. పాటలో చెప్పింది వచనంలో విప్పుకుంటుంది. ఆ తరవాతే తర్వాతి చరణం. పల్నాటి వీరుల కొలుపుల నుంచి బుర్రకథ దాకా, బుర్రకథ నుంచి సినిమా పాట దాకా ఇదే తీరు రకరకాల రూపాల్లో సాగింది. పాట మారకుండానే దాని అర్థం మారిన సందర్భాలు ఈ చరిత్రలో చాలా ఉన్నాయి. ఎవరు పాడుతున్నారు, ఎవరి ముందు పాడుతున్నారు, ఏ సంవత్సరంలో పాడుతున్నారు అనే మూడు విషయాలూ చూడకుండా ఈ పాటల అర్థం తేల్చలేం.

వీటన్నిటికీ మూలం పల్నాటి కథ. 12వ శతాబ్దిలో గురజాల పాలకుడు నలగామరాజుకూ, మాచర్ల పాలకుడు మలిదేవరాజుకూ మధ్య జరిగిన దాయాదుల పోరు ఇది. నలగాముడి పక్షాన మంత్రిణి నాగమ్మ, మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ చేతిలో ఓడింది. పందెం ప్రకారం మలిదేవాదులు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లారు. తిరిగి వచ్చి తమ భాగం అడిగితే దక్కలేదు. నాగులేటి ఒడ్డున కారెంపూడి దగ్గర యుద్ధం జరిగి రెండు పక్షాలూ నాశనమయ్యాయి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, నాయుడు పెంచుకున్న మాల కన్నమదాసు ఆ యుద్ధపు వీరుల్లో ముఖ్యులు.

ఈ కథను తరతరాలుగా పాడుతున్నవారు వీరవిద్యావంతులు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ రోజుల పేర్లు. ఈ పేర్లే పాటకు మొదటి వ్యాఖ్యానం. ఏ రోజు ఏ ఘట్టం పాడాలో, ఆ ఘట్టానికి ఏ ఆచారం జరపాలో అవే నిర్ణయిస్తాయి. రాయబారం రోజున రాయబార ఘట్టం వింటున్న మనిషికి అది ఎనిమిది వందల ఏళ్ల కిందటి సంగతిగా తోచదు. వీరులు పూనిన ఆచారవంతులు ఆయుధాలతో ఎదురుగానే ఉంటారు. మందపోరు నాడు కులాల తేడా లేకుండా అందరూ కలిసి తినే చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడనే పాటలోని మాటకు చాపకూడు పంక్తే అర్థం చెబుతుంది. గుడి దగ్గర విన్న పాటకు దైవపరమైన అర్థమే మొదటిది: వీరులు దేవతలు, కథ కొలుపు, వినడం మొక్కు తీర్చుకోవడం.

తాటాకు మీదికీ, తరవాత అచ్చులోకీ ఎక్కాక ఈ కథకు ఇంకో రకం పాఠకులు వచ్చారు. ద్విపదలో ఉన్న పల్నాటి వీరచరిత్రను శ్రీనాథుడి రచనగా సంప్రదాయం చెబుతుంది. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించారు. అప్పటినుంచి చదువుకున్నవారి చేతుల్లో ఇది చరిత్ర గ్రంథమైంది, వీరకావ్యమైంది, ఆంధ్రుల పౌరుషానికి సాక్ష్యమైంది. దీన్ని ఆంధ్రుల మహాభారతంగా చదివే పద్ధతి కూడా బలపడింది. పోలికలు వెతకాల్సిన పని లేకుండానే దొరుకుతాయి: దాయాదుల పోరు, జూదం స్థానంలో కోడిపందెం, అరణ్యవాసం స్థానంలో ఏడేళ్ల వలస, శ్రీకృష్ణుడి స్థానంలో బ్రహ్మనాయుడు, అభిమన్యుడి స్థానంలో బాలచంద్రుడు. కానీ ఈ చదువులో పోయిందొకటి ఉంది. భారతం పోలిక ఎక్కువైన కొద్దీ కన్నమదాసు వెనక్కి జరిగాడు, ఎందుకంటే భారతంలో అతనికి సరిపోయే పాత్ర లేదు. కొలుపులో వీరులతో సమానంగా పూజలందుకునే మనిషి, పోలికల పట్టికలో పక్కన మిగిలిపోయాడు. పోలికతో చెప్పిన అర్థం ఎంత అందంగా ఉన్నా మూలంలో ఉన్న అసలైన కొత్తదనాన్ని కప్పేయగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ కథను వేరే వైపు నుంచి పట్టుకున్నారు. గుంటూరులో శారదానికేతనం నడిపిన, నిషేధానికి గురైన ‘మాలపల్లి’ నవల రాసిన ఉన్నవ, 1926లో పల్నాటి ఇతివృత్తంతో రాసిన నాటకానికి ‘నాయకురాలు’ అని పేరు పెట్టారు. వీరుల పేరుతో తెలిసిన కథకు నాగమ్మ అనే స్త్రీ పదవి పేరు తలకట్టు కావడంలోనే ఒక వ్యాఖ్యానం ఉంది. కొలుపు పాటలో నాగమ్మ యుద్ధానికి కారణమైన మనిషి. నాటకాలూ సినిమాలూ వచ్చేనాటికి ఆమె రాజ్యతంత్రం తెలిసిన మంత్రిణిగా కూడా కనిపించసాగింది. 1947లో వచ్చిన ‘పల్నాటి యుద్ధం’ సినిమాలో కన్నాంబ, 1966 నాటి ‘పల్నాటి యుద్ధం’లో భానుమతి ఆ పాత్ర వేశారంటే, దానికి ఎంత బరువున్న నటి కావాలని నిర్మాతలు అనుకున్నారో తెలుస్తుంది.

1920ల మొదట్లో ఈ సీమ మొత్తం రాజకీయంగా కదిలింది. 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్నుకు వ్యతిరేకంగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊళ్లు ఖాళీ చేసి బయట రామనగర్ కట్టుకుని ఉన్నారు. ఆయన కూర్చిన వలంటీర్ల దండుకు రామదండు అని పేరు. రామాయణం పాటగా, హరికథగా, తోలుబొమ్మలాటగా ఇంటింటా తెలిసిన నేల మీద ఆ పేరుకు ఎవరూ వివరణ ఇవ్వనక్కర్లేదు. రాముడెవరు, రావణుడెవరు అన్నది వినేవాడే పూర్తి చేసుకునేవాడు. పల్నాడులో 1922 ఫిబ్రవరిలో, అడవిలో పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరి కట్టబోమన్న కన్నెగంటి హనుమంతు మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తరవాత పల్నాటి వీరుల వరసలో అతని పేరు కూడా చేరింది. పాత వీరగాథ కొత్త వీరుడికి నమూనా అయింది. కొత్త వీరుడు వచ్చాక పాత గాథ కూడా పన్ను కట్టని ధిక్కారం కథలాగా వినిపించసాగింది.

అర్థం చెప్పే పనిని రంగస్థలం మీదే ఒక మనిషికి అప్పగించిన కళ బుర్రకథ. దానికి పూర్వరూపం జంగం కథ. కథకుడు తంబురా మీటుతూ, వేలికి తొడిగిన అందెలు మోగిస్తూ, కాళ్ల గజ్జెలతో అడుగు వేస్తూ పాడతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన పలుకుతారు. 1940లలో కమ్యూనిస్టు పార్టీ, 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని తీసుకుని కొత్త కథలతో ఊరూరా తిప్పాయి. సుంకర సత్యనారాయణ రాసిన ‘కష్టజీవి’ ఆ కొత్త కథల్లో మొదటి వరసలోది. వంతల పాత్రలు అప్పుడే స్పష్టంగా విడిపోయి కుదురుకున్నాయి. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. హాస్యం వంత తెలియనివాడిలా అడుగుతాడు, నవ్విస్తాడు, కథ బరువెక్కినప్పుడు కాస్త తేలిక చేస్తాడు. రాజకీయం వంత లోకం తెలిసినవాడు. పాటలోని సంగతిని ఇవాళ్టి సంగతితో ముడివేసే పని అతనిది.

ఈ కళకు గుంటూరు జిల్లా ఇచ్చిన పెద్ద పేరు షేక్ నాజర్. 1920లో తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. పత్తి ఏకి దూది చేసే వృత్తి ఆ కులానిది. నల్లరేగడి పత్తి పొలాల మధ్య ఊళ్లలో ఆ పని చేసేవారిని పింజారి అని పిలిచేవారు, చాలాసార్లు చులకనగానే. నాజర్ ఆత్మకథకు ‘పింజారి’ అనే పేరే నిలిచింది. ఆయన శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు, నాటకాల్లో వేషాలు వేశారు, కుట్టుపని చేశారు, పిల్లలకు సంగీతం చెప్పారు. ఆ తరవాత బుర్రకథ దళం కట్టి, రామకోటి, పురుషోత్తం వంతలుగా ఆంధ్రదేశమంతా తిరిగారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు ఆయన చెప్పిన కథల్లో పేరుపడ్డవి. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు.

అల్లూరి కథనే తీసుకుంటే వ్యాఖ్యానం ఎలా నడుస్తుందో దగ్గరగా చూడొచ్చు. పాటలో మన్యం వస్తుంది, పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం వస్తుంది, కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించుకున్న అధికారి వస్తాడు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు వస్తాయి. మిరప, పత్తి, పొగాకు పండించే మైదానం రైతుకు చింతపల్లి ఎక్కడుందో తెలియదు. పోడు అంటే ఏమిటో వంత అడిగితే కథకుడు చెబుతాడు. అడవిలోకి పశువును తోలితే శిక్ష అన్న మాట రాగానే మాత్రం పల్నాటి శ్రోతకు వివరణ అక్కర్లేదు. అదే సంవత్సరం తన పక్క ఊళ్లో పుల్లరి కోసం జరిగిన కాల్పులు అతనికి గుర్తున్నాయి. రాజకీయం వంత ఆ రెండిటికీ ముడి వేస్తే చాలు, విశాఖ మన్యం కథ గుంటూరు కథ అవుతుంది. 1943 బెంగాల్ కరువును పాడినప్పుడూ ఇదే పద్ధతి. వందల మైళ్ల దూరంలో జనం ఆకలితో చనిపోతున్నారన్న వార్తకు ధాన్యం దాచిపెట్టే వ్యాపారి, అప్పుకు గింజలు కొలిచే షావుకారు అనే తెలిసిన మనుషుల ద్వారా అర్థం చెప్పారు.

వంత చెప్పే ఈ అర్థమే ప్రభుత్వానికి ఇబ్బంది అయింది. పాట రాతలో ఉన్నదాన్ని తప్పుపట్టడం తేలిక. అప్పటికప్పుడు పుట్టే వచనాన్ని ముందుగా చదివి కొట్టేయడం ఏ సెన్సారుకూ సాధ్యం కాదు. 1940లలో మద్రాసు ప్రభుత్వం బుర్రకథ ప్రదర్శనల మీద నిషేధాలు విధించింది. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకాన్నీ అలాగే నిషేధించింది. పాత పురాణ కథకు లేని ప్రమాదం ఈ కథకు ఎక్కడ నుంచి వచ్చిందో నిషేధించినవారికి బాగా అర్థమైంది. 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ దళం అల్లూరి బుర్రకథ చెప్పేసరికి కాలం మారింది. దొరలు పోయారు, సీతారామరాజు అందరి వీరుడయ్యాడు. నిన్నటి తిరుగుబాటు పాట ఆ సినిమాలో దేశభక్తి పాటగా వినిపించింది.

పల్నాటి పేర్లకు ఇంకో మలుపు కూడా ఈ కాలంలోనే వచ్చింది. గుంటూరు జిల్లా కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ తెలుగువాడిని చెయ్యెత్తి జై కొట్టమని పిలుస్తూ రాసిన గీతం 1952లో ‘పల్లెటూరు’ సినిమాలో ఘంటసాల సంగీతంతో ఇల్లిల్లూ చేరింది. తెలుగువాళ్లందరూ ఒకటి కావాలన్న ఆశయానికి అది పాట. అందులో పలనాడు, వెలనాడు పేర్లు వస్తాయి. బాలచంద్రుడు వస్తాడు, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య వస్తాడు. ఆపైన వీరవనితల వరసలో బాలచంద్రుడి భార్య మాంచాలతో పాటు నాయకురాలు నాగమ్మను కూడా తెలుగువాడి తోబుట్టువుగా లెక్కించాడు కవి. ఈ చిన్న చేర్పు చాలా పెద్దది. కొలుపు పాటలో నాగమ్మ శత్రుపక్షం. ఆమె పన్నాగానికే మాంచాల భర్తను పోగొట్టుకుంది. ఎనిమిది వందల ఏళ్ల పగను కవి రెండు పేర్లు పక్కపక్కన పెట్టి తుడిచేశాడు. దాయాదుల పోరులో ఎవరిది న్యాయమని అడిగే కథ, ఇద్దరూ మనవాళ్లే అని చెప్పే పాటగా మారింది. బళ్లలో, సభల్లో ఆ గీతం పాడినవారిలో ఎక్కువమంది ఈ మార్పును గమనించకుండానే పాడారు.

సినిమా పాటలో గుంటూరు పల్లె మాటను నిలబెట్టిన కవి కొసరాజు రాఘవయ్య చౌదరి. 1905లో బాపట్ల తాలూకా అప్పికట్లలో పుట్టారు. రైతు ఉద్యమంలో తిరిగారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ (1939)తో సినిమా పాటల్లోకి వచ్చారు. జమీందారీ మీద ఎక్కుపెట్టిన ఆ సినిమాకు జమీందార్ల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. కొన్నిచోట్ల ప్రదర్శన ఆగింది. తిరిగి ఆయన పేరు మోగింది 1954 నాటి ‘పెద్దమనుషులు’తో. మాటలు రాసింది సత్తెనపల్లి ప్రాంతం వాడైన డి.వి. నరసరాజు. ఇబ్సెన్ నాటకం ఆధారంగా పుట్టిన ఈ కథలో ఊరి పెద్దమనుషుల గుట్టు తిక్క శంకరయ్య అనే పిచ్చివాడికి తెలుసు. రేలంగి వేసిన ఆ పాత్రకు కొసరాజు ఇచ్చిన పాట పోతులూరి వీరబ్రహ్మం తత్వాల వరస. రాబోయే కాలం గురించి చెప్పే తత్వం బాణీలో ఇప్పటి కాలం గురించి చెప్పడం దాని కీలకం. ఆ వరస ముందే తెలిసినవాడికి వెక్కిరింత రెట్టింపు తగులుతుంది, తెలియనివాడికి పిచ్చివాడి పాటగానే మిగులుతుంది. బుర్రకథలో రాజకీయం వంత చేసే పని ఇక్కడ శంకరయ్య చేస్తాడు.

1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో వచ్చిన ‘రోజులు మారాయి’లో కొసరాజు రాసిన ఏరువాక పాట మరింత వివరణ కోరుతుంది. ఏరువాక జ్యేష్ఠ పున్నమి నాటి ఆచారం. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, నాగలికి పూజ చేసి తొలి చాలు దున్నుతారు. పాట మొదటి భాగం ఆ పొద్దున్నే రైతు చేసే పనుల వరుస: గింజల గంప, చద్దిమూట, నాగలి సరిచూసుకోవడం, ఎలపట దాపట ఎడ్లను కట్టడం. ఎలపటిది కుడివైపు ఎద్దు, దాపటిది ఎడమవైపు ఎద్దు. రెండిటి నడకా వేరు, ఏ ఎద్దును ఎటు కట్టాలో తప్పితే నాగటి చాలు వంకర పోతుంది. ట్రాక్టరు వచ్చాక పుట్టినవారికి ఈ మాటలు పాటలో అందమైన శబ్దాలుగా వినిపిస్తాయి. 1955 నాటి ప్రేక్షకుడికి అవి పని మాటలు. ఆ భరోసాతోనే కవి తర్వాతి చరణాల్లో ప్రజాసేవ పేరుతో బతికే రాజకీయం మీదికి తిరుగుతాడు. ఎద్దుల గురించి సరిగ్గా చెప్పినవాడు పెద్దమనుషుల గురించి చెప్పిందీ సరైనదే అయి ఉంటుందని రైతు నమ్ముతాడు. ఈ పాటను ఉల్లాసమైన పల్లె నృత్యంగా మాత్రమే చూసేవారు సగమే చూసినట్టు.

మాస్టర్ వేణు కట్టిన ఆ బాణీకి వహీదా రెహమాన్ నృత్యం చేశారు. 1960లో హిందీ ‘బంబై కా బాబు’లో ఎస్.డి. బర్మన్ ఆ వరసనే వాడుకున్నారు. బాణీ వెళ్లింది కానీ నాగలి వెళ్లలేదు. అక్కడ అది సరసమైన పాట. ‘తోడికోడళ్లు’ (1957)లో కొసరాజు రాసిన పని పాట కూడా ఇలాంటి పట్టింపు కోరేదే. అక్కినేని, సావిత్రి తాళ్లు పట్టుకుని గూడ వేసి నీళ్లు తోడుతూ పాడతారు. గూడ వేయడంలో ఇద్దరి ఊపూ ఒక్కసారి కలవకపోతే నీళ్లు ఎక్కవు. పాట లయ ఆ ఊపు కొలతలోనే ఉంది.

అదే సినిమాలో కారులో షికారుకు వెళ్లే పడుచును నిలదీసే పాట వ్యాఖ్యానాల చరిత్రలో ప్రత్యేకమైనది. ఆమె మేడా ఆమె సొగసూ ఎవరి చెమటతో వచ్చాయో చెప్పే ఆ పాట రాసింది ఆత్రేయ. కానీ చాలామంది దాన్ని శ్రీశ్రీదని నమ్మారు, ఇప్పటికీ కొందరు అంటారు. అందులో వర్గస్పృహ ఉంది కాబట్టి అది శ్రీశ్రీదే అయి ఉండాలన్నది ఆ ఊహకు ఆధారం. అర్థాన్ని బట్టి కవిని ఊహించడం మొదలైతే ప్రతి కవికీ ఒకే రంగు పూస్తాం. మనసు పాటల కవి అని పేరుపడ్డ ఆత్రేయ శ్రమ గురించి రాయగలడన్న సంగతి మరుగున పడింది.

ఈ పొరపాట్లకు పాటలు చేరిన దారి కూడా కారణమే. సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో కథాసంగ్రహం ఉండేది, పాట ఏ సందర్భంలో వస్తుందో తెలిసేది. టూరింగ్ టాకీస్‌లో చూసినవాడికీ సందర్భం తెలుసు. పెళ్లి పందిట్లో మైకు మీద, కాఫీ హోటల్ రికార్డు మీద, 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నుంచి విన్న పాట మాత్రం ఒంటరిగా వచ్చేది. తిక్క శంకరయ్య లేని తత్వం, గూడ లేని పని పాట చేలో కలుపు తీసే కూలీల నోట మళ్లీ పాడుకునే పాటలయ్యాయి. వాటికి అక్కడ కొత్త అర్థాలు వచ్చాయి, కొన్నిసార్లు కొత్త చరణాలు కూడా.

జానపద గేయాలను సేకరించి, వర్గీకరించి, అర్థం చెప్పే పని విశ్వవిద్యాలయాల్లో బిరుదురాజు రామరాజు పరిశోధనతో 1950లలో గట్టిపడింది. పల్నాటి కథను గాయకుడి నోటి నుంచి విని, అనువదించి, వ్యాఖ్యానించిన జీన్ రోగేర్ గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. అచ్చుప్రతి మీద ఆధారపడిన పాత చదువులకు అది గట్టి సవరణ. గాయకుడు పాడినది చెడిపోయిన కావ్యపాఠం కాదనీ, తనకంటూ వరుసా నమ్మకాలూ ఉన్న పూర్తి కథ అనీ అది చూపింది.

బుర్రకథ మాత్రం వేరే దారిలో వెళ్లింది. స్వాతంత్ర్యం తరవాత కుటుంబ నియంత్రణ, పొదుపు, అక్షరాస్యత, ఆరోగ్య ప్రచారాలకు ప్రభుత్వ శాఖలు ఈ కళనే పిలిచాయి. దళాలకు పని దొరికింది, కళాకారుల ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ ప్రచార కథలో ఏం చెప్పాలో ముందే రాసి ఇస్తారు. రాజకీయం వంతకు సొంతంగా చెప్పడానికి మిగిలేది తక్కువ. అప్పటికప్పుడు ఊరి సంగతి పట్టుకుని పాటకు ముడివేసే నేర్పు, దళాలతో తిరిగిన పాత తరంలో ఉన్నంతగా తరవాత రాలేదు. ఆ నేర్పు ఉన్నవారి వచనం రికార్డుల్లోకి ఎక్కింది కూడా తక్కువే. దొరుకుతున్న రికార్డుల్లో పాటలు ఉన్నాయి, వంతల మాటలు చాలాచోట్ల కుదించి ఉన్నాయి.